రేఫ – శకటరేఫ పాఠభేదాలు: పరిష్కర్త నిర్ణయంలో అరకు కొండభాష సాక్ష్యం

వ్యాససంగ్రహం: ప్రాచీన తెలుగు కావ్యాల తాళపత్ర ప్రతుల్లో రేఫ (ర), శకటరేఫ (ఱ) తారుమారు కావడం అతి సాధారణమైన పాఠభేదం. అర్థం మారే చోట పరిష్కర్త ఈ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోక తప్పదు. లాటిన్ ప్రతుల సంపాదకులు ఇలాంటి చిక్కునే ఎదుర్కొన్నారు. వారి అనుభవాన్ని, అరకు లోయ పరిసరాల్లో మాట్లాడే కొండభాష (కూబి) నేటికీ నిలుపుకున్న ధ్వనిభేదాన్ని పక్కపక్కన ఉంచి, ఆ భాషా సాక్ష్యం పాఠనిర్ణయంలో ఎంతవరకు పనికి వస్తుందో, ఎక్కడ ఆగిపోవాలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పాఠపరిష్కరణ, పాఠాంతరం, క్లిష్టపాఠం, శకటరేఫ, ప్రాస, కొండభాష, అరకు, గిడుగు రామమూర్తి.

1. ఉపోద్ఘాతం

ఒకే పద్యానికి పది ప్రతులు దొరికితే పది రకాల పాఠాలు కనిపించడం పరిష్కర్తలకు కొత్త కాదు. వాటిలో కొన్ని పద్యం మొత్తాన్ని మార్చివేస్తాయి. కొన్ని ఒక్క అక్షరంతో ఆగిపోతాయి. ఒక్క అక్షరంతో ఆగిపోయేవాటిని చిన్నవిగా భావించి, ముద్రణలో ఏదో ఒక రూపానికి స్థిరపరచి, అధోజ్ఞాపికలో కూడా చూపకుండా వదిలేయడం తెలుగు ముద్రణల్లో తరచుగా కనిపిస్తుంది. ర, ఱ ల మధ్య భేదం ఈ నిర్లక్ష్యానికి ఎక్కువగా గురైంది. నేటి ఉచ్చారణలో రెండూ ఒకటే కావడంతో, పునర్ముద్రణల్లో చాలా భాగం శకటరేఫను పూర్తిగా తొలగించి రేఫనే వాడుతున్నాయి.

ఇది కేవలం వర్ణక్రమ విషయం కాదు. ‘ఏరు’ అంటే నాగలి, ‘ఏఱు’ అంటే నది. ‘అరుగు’ అంటే వెళ్లు, ‘అఱుగు’ అంటే జీర్ణమగు, క్షయించు. ‘పరచు’ అంటే విస్తరింపజేయు, ‘పఱచు’ అంటే పరుగెత్తు. ‘ఏరు సాగె’ అనే పాఠానికి పొలం దున్నడం అర్థమైతే, ‘ఏఱు సాగె’ అనే పాఠానికి ప్రవాహం ముందుకు పోవడం అర్థం. ‘ఇరుసు అరిగె’, ‘ఇరుసు అఱిగె’ అన్నవి రెండు వేర్వేరు సంఘటనలు. కర్మపదం లోపించిన యుద్ధవర్ణనలో ‘పరచె’ అన్నప్పుడు వీరుడు సేనను విస్తరింపజేస్తాడు, ‘పఱచె’ అన్నప్పుడు పారిపోతాడు. ఇవి భేదాన్ని విశదం చేయడానికి కూర్చిన ఉదాహరణలే. అయినా పరిష్కర్త బల్లపై ఎదురయ్యే సమస్య రూపం ఇదే.

2. లాటిన్ ప్రతుల అనుభవం

లాటిన్ సాహిత్యం శతాబ్దాల పాటు చేతిరాతల ద్వారానే నిలిచింది. ప్రాచీన లాటిన్‌లోని ‘ఐ’ వంటి సంధ్యక్షరం క్రమంగా ‘ఎ’ గా పలకడం మొదలైన తర్వాత, మధ్యయుగ లేఖకులు రెండింటినీ ఒకే అక్షరంతో రాయసాగారు. ఫలితంగా ‘అడగబడుతున్నది’ అనే అర్థమిచ్చే ‘క్వైరితుర్’, ‘మొరపెట్టుకుంటున్నాడు’ అనే అర్థమిచ్చే ‘క్వెరితుర్’ ప్రతుల్లో ఒకే రూపం పొందాయి. అలాగే వకార బకారాల ఉచ్చారణ కలిసిపోయిన చోట, ‘ప్రేమించాడు’ అనే ‘అమావిత్’, ‘ప్రేమిస్తాడు’ అనే ‘అమాబిత్’ పరస్పరం మారిపోయాయి. కాలం, అర్థం రెండూ తారుమారయ్యాయి.

ఇలాంటి చోట్ల సంపాదకులు ఆశ్రయించిన ప్రసిద్ధ సూత్రం క్లిష్టపాఠ సూత్రం. రెండు పాఠాల్లో లేఖకుడికి కష్టమైనదే మూలానికి దగ్గరగా ఉండే అవకాశం ఎక్కువ, ఎందుకంటే కష్టమైనదాన్ని సులభం చేయడమే లేఖకుల స్వభావం అన్నది దాని సారాంశం. గ్రీకు క్రొత్త నిబంధనను 1734లో ప్రచురించిన బెంగెల్ ఈ సూత్రానికి ప్రసిద్ధమైన రూపమిచ్చాడు. 19వ శతాబ్దంలో లాఖ్‌మన్ పేరుతో స్థిరపడిన పద్ధతి ప్రతుల వంశవృక్షాన్ని నిర్మించడానికి ప్రాధాన్యమిచ్చింది. ప్రతుల సంఖ్యకు విలువ లేదని, వాటి పరస్పర సంబంధానికే విలువ ఉందని అది స్థాపించింది. కటుల్లస్ కవితలే దీనికి నిదర్శనం. వాటికి 14వ శతాబ్దానికి చెందిన మూడు ప్రతులు ముఖ్యాధారం. ఆ మూడూ వెరోనాలో బయటపడి ఆ తర్వాత కనుమరుగైన ఒకే ప్రతి నుంచి వచ్చినవి. ఇలాంటి చోట తర్వాతి ప్రతులు ఎన్ని ఉన్నా అవి అన్ని సాక్ష్యాలుగా లెక్కకు రావు.

ఈ సూత్రాలు యంత్రాల్లా పనిచేయవని లాటిన్ పండితుడు హౌస్‌మన్ 1921లో ఇచ్చిన ప్రసంగంలో గట్టిగా చెప్పాడు. ప్రతి పాఠసమస్యను దాని ప్రత్యేక పరిస్థితిలో ఆలోచించి తేల్చాలన్నది ఆయన వాదసారం. తెలుగులో ర–ఱ సమస్య ఈ మాటకు చక్కని పరీక్ష.

3. ర–ఱ విషయంలో క్లిష్టపాఠ సూత్రం ఎందుకు మౌనం వహిస్తుంది

‘ఱ’ అరుదైన అక్షరం, ‘ర’ సులభమైనది. కాబట్టి రెండూ కనిపించినప్పుడు ‘ఱ’ నే క్లిష్టపాఠంగా గ్రహించాలి అనడం పైకి సబబుగా తోస్తుంది. కానీ పాఠం క్లిష్టమా కాదా అన్నది నేటి పాఠకుడి దృష్టితో తేల్చేది కాదు. లేఖకుడి దృష్టితో తేల్చవలసింది. ఒక లేఖకుడి నోట రెండు ధ్వనులూ ఒకటై ఉంటే, అతడికి ‘ఏరు’ కష్టమూ కాదు, ‘ఏఱు’ కష్టమూ కాదు. అతడి కలం అలవాటు కొద్దీ ఏదో ఒకటి రాస్తుంది. అటువంటి ప్రతిలో ఆ అక్షరానికి సాక్ష్యబలం దాదాపు శూన్యం. పది ప్రతుల్లో ‘ర’, ఒక ప్రతిలో ‘ఱ’ ఉన్నంత మాత్రాన ‘ర’ గెలవదు. ఆ ఒక్క ప్రతి కారణంగా ‘ఱ’ కూడా గెలవదు.

ఇందుకు ఎదురుగా మరొక ప్రమాదం ఉంది. ధ్వనిభేదం పోయిన తర్వాత లాక్షణికులు ఏ పదాల్లో శకటరేఫ ఉండాలో పట్టికలు కూర్చారు. ఆ పట్టికల ఉనికే భేదం చెవికి అందడం మానేసిందనడానికి గుర్తు. చెవికి తెలిసేదానికి పట్టిక అక్కర లేదు. పట్టికలు కంఠస్థం చేసిన పండిత లేఖకుడు, మూలంలో ‘ర’ ఉన్న చోట కూడా తన విద్యను ప్రదర్శించి ‘ఱ’ రాసి ఉండవచ్చు. అప్పుడు అరుదుగా కనిపించే ‘ఱ’ ప్రాచీనత వల్ల వచ్చింది కాదు, పాండిత్యం వల్ల వచ్చింది.

ఛందస్సు కొంత సహాయం చేస్తుంది. ర, ఱ రెండూ మాత్రాపరంగా సమానం కనుక గణాలు ఈ విషయంలో ఏమీ చెప్పవు. ప్రాస చెబుతుంది. పద్యంలోని నాలుగు పాదాల్లోనూ రెండవ అక్షరపు హల్లు ఒకటే కావాలి. ప్రాచీన కవులు ప్రాసలో రేఫ శకటరేఫలను కలపకపోవడం నియమంగా పాటించారు. కాలక్రమంలో ఈ నియమం సడలింది. మూడు పాదాల్లో వివాదం లేని ‘ఱ’ ఉంటే, నాల్గవ పాదంలోని సందేహం తీరుతుంది. అయితే ఈ సాక్ష్యం ప్రతి పాదంలోనూ ఒక్క స్థానానికే పరిమితం. ఆ స్థానం వెలుపల ఉన్న వేలాది ‘ర’, ‘ఱ’ ల గురించి అది నోరు విప్పదు. పైగా ప్రాసనియమం తెలిసిన లేఖకుడు సరిగ్గా ఆ స్థానంలోనే జాగ్రత్తపడి దిద్దుకొనే వీలుంది.

అంటే ప్రాసకు, పట్టికకు, ప్రతికి వెలుపల ఉన్న సాక్షి ఒకటి కావాలి. అలాంటి సాక్షి తూర్పు కనుమల్లో ఉంది.

4. కొండభాష: వెలుపలి సాక్షి

అరకు లోయ నేడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో భాగం. ఆ లోయలోను, చుట్టుపక్కల కొండల్లోను కొండభాష, కువి, గదబ, పోర్జ, ఆదివాసీ ఒడియా వంటి భాషలు పక్కపక్కనే వినిపిస్తాయి. వీటిలో కొండభాషను ‘కూబి’ అని కూడా అంటారు. కొండదొరల్లో కొందరు దీన్ని మాట్లాడతారు. చాలామంది తెలుగుకు మారారు. భద్రిరాజు కృష్ణమూర్తి ఈ భాషను క్షేత్రస్థాయిలో పరిశీలించి రాసిన వర్ణనాత్మక గ్రంథాన్ని 1969లో హైదరాబాదులోని గిరిజన సాంస్కృతిక పరిశోధన, శిక్షణ సంస్థ ప్రచురించింది.

ఆ వర్ణనలో పాఠపరిష్కర్తకు అత్యంత ముఖ్యమైన అంశం ఒకటుంది. మూలద్రావిడంలోని దంతమూలీయ స్పర్శం తెలుగులో ‘ఱ’ గా మారి, చివరికి ‘ర’ లో కలిసిపోయింది. కొండభాషలో ఆ ధ్వని నాలుక కొన పలుమార్లు అదిరే కంపితంగా నేటికీ నిలిచి ఉంది. ఒక్కసారి తాకి విడిచే సాధారణ రేఫ దానికి వేరుగా ఉంది. రెండూ అర్థభేదక ధ్వనులు. అంతే కాక, మూలభాషలో అది ద్విత్వంగా ఉన్న చోట కొండభాష శ్వాసకంపితాన్ని మరొక ధ్వనిగా నిలుపుకుంది. తెలుగు ‘పుట్ట’ కు కొండభాషలో సమానమైన మాట ‘పుఱి’. ఇందులోని ఱకారం శ్వాసధ్వని. తెలుగు ‘మూఁడు’ కు అక్కడి రూపం ‘మూన్ఱి’.

తమిళం కూడా ర–ఱ భేదాన్ని రాతలో నిలుపుకున్నది. ‘పర’ అంటే వ్యాపించు, ‘పఱ’ అంటే ఎగురు అన్న తమిళ ధాతువుల భేదం తెలుగు పరచు–పఱచులకు నేపథ్యం. అయితే కృష్ణమూర్తి వర్గీకరణలో తమిళం దక్షిణ ద్రావిడ శాఖకు చెందినది. తెలుగు, గోండి, కొండ, కుయి, కువి, పెంగో, మండ భాషలు దక్షిణ మధ్య శాఖకు చెందినవి. అంటే శకటరేఫ విషయంలో తెలుగుకు దగ్గరి బంధువు అరకు కొండల్లోనే ఉంది. ఆ బంధువు లాక్షణికుల పట్టికలు చదవలేదు, ప్రాసనియమం నేర్వలేదు. కాబట్టి ఆ సాక్ష్యం తెలుగు లేఖన సంప్రదాయానికి పూర్తిగా స్వతంత్రమైనది. తెలుగు పండితుడు వల్లెవేసి గుర్తుంచుకోవలసిన భేదం అక్కడ తల్లి నోటి నుంచి బిడ్డకు అందుతుంది.

ఇతర భాషా సాక్ష్యాన్ని పాఠనిర్ణయంలో వాడటం కొత్త కాదు. పుణెలోని భండార్కర్ సంస్థ వెలువరించిన సంస్కృత మహాభారత సంశోధిత ముద్రణలో సుక్థాంకర్ నన్నయ తెలుగు భారతాన్ని కూడా పరోక్ష సాక్ష్యాల్లో ఒకటిగా పరిగణించాడు. అక్కడ సాక్ష్యం కథాభాగాలకు, గ్రంథ పరిమాణానికి సంబంధించింది. ఇక్కడ సాక్ష్యం ఒక్క ధ్వనికి సంబంధించింది.

5. సాక్ష్యానికి హద్దులు

ఈ సాక్ష్యాన్ని నేరుగా పాఠంలోకి దింపాలన్న ఉత్సాహం సహజం. కొండభాషలో కంపితం ఉంది కనుక తెలుగు పద్యంలో ‘ఱ’ ఉండి తీరాలి అనడం దాని రూపం. ఈ వాదంలో లోపం పై ఉదాహరణల్లోనే బయటపడుతుంది. ‘పుఱి’ ని చూసి నన్నయ పద్యంలోని ‘పుట్ట’ ను, ‘మూన్ఱి’ ని చూసి ‘మూఁడు’ ను ఏ పరిష్కర్తా మార్చడు. నన్నయ కాలానికి తెలుగులో ఆ పదాల రూపం అప్పటికే మారిపోయింది. కొండభాష ఇక్కడ కవికంటే ఎంతో ముందున్న దశను చూపుతోంది. అది మాట చరిత్ర. పరిష్కర్త వెతుకుతున్నది పాఠ చరిత్ర. ఒక మాట వెయ్యేళ్ల కింద ఎలా ఉండేదో తెలిసినంత మాత్రాన, ఒక కవి ఫలానా శతాబ్దంలో దాన్ని ఎలా రాశాడో తెలిసినట్లు కాదు.

లాటిన్ లోకం ఈ విచక్షణను పాటించింది. సార్డీనియా ద్వీపపు లోపలి కొండప్రాంతాల్లో నూరును ‘కెంతు’ అంటారు. ఇటాలియన్‌లో అదే మాట ‘చెంతో’ అయింది. ఆ కొండభాష ప్రాచీన లాటిన్ కకారోచ్చారణకు గొప్ప ఆధారం. కానీ దాని బలంతో ఏ సంపాదకుడూ ఒక రోమన్ కవి పాఠాన్ని దిద్దలేదు. ఉచ్చారణ చరిత్రను అర్థం చేసుకోవడానికి, లేఖకులు ఏ అక్షరాల దగ్గర తడబడతారో ముందుగా తెలుసుకోవడానికి అలాంటి సాక్ష్యం వినియోగపడుతుంది.

మరొక హద్దు రుణపదాలది. కొండభాషలోకి తెలుగు నుంచి ఎన్నో మాటలు వెళ్లాయి. తెలుగులో ధ్వనిభేదం పోయిన తర్వాత అరువు వెళ్లిన మాట, తెలుగు గురించి తెలుగుకే చెప్పే ప్రతిధ్వని మాత్రమే అవుతుంది. కాబట్టి దేశ్యపదమని రుజువైన వాటినే సాక్ష్యంగా తీసుకోవాలి.

ఈ హద్దులను గౌరవించినప్పుడు కొండభాషకు ఒక ఖచ్చితమైన స్థానం దొరుకుతుంది. అది పాఠాన్ని నిర్ణయించదు, ప్రతిని పరీక్షిస్తుంది. పద్ధతిని మూడు దశలుగా చెప్పవచ్చు. మొదట, ప్రతిలోని ప్రాసస్థానాలను గమనించి, వివాదరహితమైన చోట్ల ఆ లేఖకుడు ర, ఱ లను సరిగా రాశాడా లేదా చూడాలి. రెండవది, ప్రాసస్థానం వెలుపల, తమిళ కొండభాషల సాక్ష్యంతో మూలరూపం స్థిరపడిన పదాలను ఎంచి, అవే చోట్ల ప్రతి ఏమి రాస్తుందో చూడాలి. ప్రాసలో జాగ్రత్తపడి, వెలుపల తడబడిన లేఖకుడు నియమం ఎరిగినవాడే తప్ప భేదం ఎరిగినవాడు కాదు. రెండు చోట్లా నిలకడగా ఉన్న ప్రతి, ఆ భేదం నోటిలో సజీవంగా ఉన్న కాలం నుంచి గాని, అలాంటి మాతృక నుంచి నమ్మకంగా ఎత్తిరాసిన చేతి నుంచి గాని వచ్చి ఉండాలి. ‘ఱ’ ఉండకూడని చోట కూడా ‘ఱ’ పెట్టిన ప్రతిలో పాండిత్య సవరణను అనుమానించాలి. మూడవది, ఇలా నిగ్గుతేలిన ప్రతి మాటకే ‘ఏరు’, ‘ఏఱు’ వంటి వివాదస్థలాల్లో విలువ ఇవ్వాలి. అప్పుడు కూడా సందర్భార్థం అడ్డుపడితే తీర్పును వాయిదా వేసి, రెండు పాఠాలనూ చదువరి ముందుంచాలి. ఏ ప్రతీ ఈ పరీక్షలో నెగ్గకపోతే, ఆ అక్షరం విషయంలో ప్రతులకు సాక్ష్యబలం లేదని ఒప్పుకొని అర్థం ఆధారంగా నిర్ణయించి, అది తన నిర్ణయమని పరిష్కర్త చెప్పాలి.

6. గిడుగు చూపిన హెచ్చరిక

తూర్పు కనుమల భాషలను, తాళపత్రాల తెలుగును ఒకే జీవితంలో పరిశీలించిన పండితుడు గిడుగు వేంకట రామమూర్తి (1863–1940). పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరభాష నేర్చుకొని, ఆ భాషకు 1931లో పరిచయగ్రంథాన్ని, 1938లో నిఘంటువును వెలువరించారు. సవర ముండా కుటుంబానికి చెందినది కనుక తెలుగు శకటరేఫ గురించి అది ఏమీ చెప్పదు. కానీ గిడుగు పద్ధతి ఇక్కడ ప్రస్తుతమైనదే. రాత లేని భాషను విన్నది విన్నట్లుగా నమోదు చేసిన ఆయన, రాత ఉన్న తెలుగు విషయంలో పండితులు ప్రతుల్లోని వాడుక రూపాలను ముద్రణవేళ వ్యాకరణానికి లోబరిచి దిద్దుతున్నారని ఆక్షేపించారు.

ఆ ఆక్షేపణ ర–ఱ విషయానికి రెండు వైపులా వర్తిస్తుంది. శకటరేఫను తొలగించి నేటి ఉచ్చారణకు సమం చేసే ముద్రాపకుడు ఒక సాక్ష్యాన్ని చెరిపేస్తాడు. నిఘంటువు చూసి ప్రతి చోటా శకటరేఫను నిలబెట్టే పరిష్కర్త లేని సాక్ష్యాన్ని సృష్టిస్తాడు. 1885లో వచ్చిన శబ్దరత్నాకరం రేఫ శకటరేఫల భేదాన్ని పాటించింది. ఆ నిఘంటువుతో సరిపోల్చి ‘శుద్ధి’ చేసిన ముద్రణలో ప్రతి ఏమి చెప్పిందో, నిఘంటువు ఏమి చెప్పిందో విడదీయడం తర్వాతి పరిశోధకుడికి సాధ్యం కాదు. రెండవ తప్పు మొదటిదానికంటే ప్రమాదకరం. చెరిపివేత కంటికి కనిపిస్తుంది, దిద్దుబాటు ప్రామాణికత ముసుగులో దాగుతుంది.

7. నేటి లేఖకులు

తాళపత్ర లేఖకుడి స్థానంలో నేడు మరొకరు కూర్చున్నారు. కొండభాష పాటలు, కథలు, సామెతలు సేకరించి తెలుగు లిపిలో రాస్తున్న పరిశోధక విద్యార్థులు, ఉపాధ్యాయులు వారు. ఆంధ్రప్రదేశ్‌లో మాతృభాషాధారిత బోధన కోసం కొండభాషతో సహా ఆదివాసీ భాషల్లో తెలుగు లిపితో ప్రాథమిక వాచకాలు కూడా తయారయ్యాయి. మైదానపు తెలుగు చెవికి రెండు రేఫలూ ఒకటిగానే వినిపిస్తాయి. అలాంటి చెవితో విని, రెండింటికీ ‘ర’ రాసిన సేకర్త, సంధ్యక్షరాన్ని ‘ఎ’ గా రాసిన మధ్యయుగ లాటిన్ లేఖకుడి పనే మళ్లీ చేస్తున్నాడు. రేపటి పరిశోధకుడికి ఆ రాతప్రతే ఆధారమైతే, కొండభాష ధ్వనిభేదానికి సాక్ష్యం అందులో ఉండదు.

ఇందులో ఒక చిత్రమైన పరిస్థితి ఉంది. తెలుగు లిపిలో ‘ఱ’ అక్షరం మిగిలి ఉంది, తెలుగు నోట దాని ధ్వని పోయింది. కొండభాష నోట ఆ ధ్వని మిగిలి ఉంది, సేకర్తల రాతలో ఆ అక్షరం కనిపించకుండా పోతోంది. పనిలేక పడివున్న అక్షరాన్ని పని ఉన్న చోటికి పంపడానికి కొత్త లిపి సంకేతం అవసరం లేదు. నాదకంపితానికి ‘ఱ’ ను, శ్వాసకంపితానికి ఏదో ఒక అదనపు గుర్తును నిర్ణయించి, ఆ నిర్ణయాన్ని సేకరణ పీఠికలో స్పష్టం చేస్తే చాలు.

మౌఖిక పాఠాల విషయంలో పాఠాంతరాల మధ్య ఎంపిక అనే భావన కూడా మారుతుంది. ఒక పాట ఇద్దరి నోట రెండు రకాలుగా వినిపిస్తే, వాటిలో ఒకటి మూలం, మరొకటి చెడిన ప్రతి అనడానికి ఆధారం ఉండదు. రెండూ రెండు ప్రదర్శనలు. అక్కడ పరిష్కర్త ధర్మం ఎంపిక చేయడం కాదు, ఎవరి నోట, ఏ ఊళ్లో, ఏ సందర్భంలో విన్నాడో చెప్పి రెండింటినీ నిలపడం.

8. ముగింపు

రేఫ శకటరేఫల పాఠభేదం విషయంలో ప్రతుల సంఖ్య గాని, క్లిష్టపాఠ సూత్రం గాని ఒంటరిగా తీర్పు చెప్పలేవు. ఆ భేదం లేఖకుడి నోటిలో ఉందో లేదో తేలితేనే అతడి అక్షరానికి విలువ. దాన్ని తేల్చడానికి ప్రాస ఒక పరీక్ష. ప్రాసకు అందని చోట అరకు కొండల్లో సజీవంగా ఉన్న కొండభాష, తమిళంతో కలిసి రెండవ పరీక్ష అవుతుంది. మాట చరిత్రను పాఠ చరిత్రతో కలపకుండా ఈ సాక్ష్యాన్ని వాడుకున్నప్పుడే అది ప్రయోజనకరం.

ఇందువల్ల పరిష్కర్తలపై రెండు బాధ్యతలు పడుతున్నాయి. ప్రాచీన కావ్యాల ముద్రణలో ప్రతుల్లోని ర–ఱ రూపాలను, ఎంత అల్పంగా తోచినా, అధోజ్ఞాపికల్లో నమోదు చేయాలి. కొండభాషా సామగ్రిని తెలుగు లిపిలోకి ఎక్కించేటప్పుడు రెండు రేఫలను వేర్వేరుగా రాయాలి. మొదటిది ఇప్పటికే దొరికిన సాక్ష్యాన్ని కాపాడుతుంది. రెండవది, మాట్లాడేవారు తెలుగుకు మారిపోతున్న కొద్దీ దొరకకుండా పోయే సాక్ష్యాన్ని కాపాడుతుంది. తాళపత్రాలు గ్రంథాలయాల్లో కొంతకాలం వేచి ఉండగలవు. కొండభాష కంపితానికి ఆ వ్యవధి లేదు.